మళ్లీ అదే చెట్టు దగ్గరకా?

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రుల కోసం నడుస్తున్న ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఋతువుల వారీగా ఆరుబయట జరిగే ప్రకృతి తరగతుల్లో పిల్లల్ని చేర్చాలా, చేర్చితే ఎలాంటివాటిలో? ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లల వెంట బురదలో తిరిగినదాన్ని. అందుకే నిష్పక్షపాతంగా చెబుతానని మాట ఇవ్వను.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. మొదటి నుంచీ ఇంట్లోనే చదివిస్తున్నాం. మూడు చోట్ల నుంచి వివరాలు తెప్పించుకున్నాను. ఒకరిది సీజన్‌కి పది వారాలు, వారానికి ఒక పూట, ఎప్పుడూ ఒకే చోట. రెండోవాళ్లు వారం వారం కొత్త చోటుకి తీసుకెళ్తారట. మూడోవాళ్లది రెండు రోజుల క్యాంపు, గుర్రపు స్వారీ కూడా ఉందట. పాప మూడోదానికి గెంతుతోంది. ఏది మంచిది మేడమ్?

జవాబు: గుర్రపు స్వారీకి పంపండి, సరదాగా ఉంటుంది. ప్రకృతి పాఠం అనుకుని మాత్రం పంపకండి. రెండోది వినడానికి ఘనంగా ఉంటుంది కానీ వారానికో కొత్త చోటంటే పిల్లలకు ప్రతిసారీ మొదటి రోజే. చెప్పులు ఎక్కడ విప్పాలి, బాత్రూమ్ ఎక్కడ, ఎవరి పక్కన కూర్చోవాలి అనేదానికే సగం పూట పోతుంది. నా ఓటు మొదటిదానికి.

ఇది నా ఒక్కదాని పట్టుదల కాదు. 1993లో ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ నుంచి చిన్నపిల్లల సంరక్షణ చదివే విద్యార్థులు, వాళ్ల అధ్యాపకులు డెన్మార్క్ వెళ్లారు. అక్కడి చిన్నపిల్లలు రోజులో ఎక్కువ సమయం బయటే గడపడం చూసి, తిరిగొచ్చాక తమ దగ్గరా మొదలుపెట్టారు. ఫారెస్ట్ స్కూల్ అనే పేరు బ్రిటన్‌లో అక్కడి నుంచే పాకింది. తర్వాత అక్కడివాళ్లు రాసుకున్న సూత్రాల్లో మొట్టమొదటిది ఇదే: ఎప్పుడో ఒకసారి వెళ్లి రావడం కాకుండా క్రమం తప్పకుండా, చాలాకాలం సాగాలి. వీలైతే కాలాలు మారినా ఆగకుండా సాగాలి. మీ మొదటి సంస్థవాళ్లు ఒక సీజన్ అయ్యాక వచ్చే సీజన్‌లోనూ అదే చోటుకి వస్తారా అని కనుక్కోండి. వస్తామంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మిగతా సగం తరగతి నడిపే మనిషిని బట్టి ఉంటుంది. సర్టిఫికెట్లు అడగండి, తప్పులేదు. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: "అనుకున్న పాఠం పక్కన పెట్టేసిన రోజు ఏదైనా ఉందా, ఆ రోజు ఏం జరిగింది?" ఆ మనిషి ముఖం వెలిగి, "ఆకుల గురించి చెబుదామని వెళ్లాం, వాన వెలిసి పుట్టలోంచి ఉసుళ్లు లేచాయి, ఇక అక్కడే కూలబడిపోయాం" లాంటిదేదో చెప్పాలి. "మేం ప్లాన్ ప్రకారమే నడుస్తాం అండీ" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నవాళ్లు ఎవరు, పిల్లలు నీటి దగ్గర ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ నిలబడతారు? ఇవి మొహమాటపడకుండా అడగాల్సినవి. ఆరేళ్ల లోపు పిల్లలుంటే నలుగురైదుగురికి ఒక పెద్ద మనిషి లేకపోతే నాకు మనసొప్పదు. పసివాళ్లు మునగడానికి చెరువే అక్కర్లేదు, జానెడు లోతు నీళ్లు చాలు.

ఇంకో మాట. ఇంట్లో చదువుకునే పిల్లల తరగతుల్లో అక్కాతమ్ముళ్లు కలిసి వస్తారు, అయిదేళ్లవాడూ పదకొండేళ్లదీ ఒకే గుంపులో ఉంటారు. దాన్ని లోపం అనుకోకండి. పెద్దపిల్ల చిన్నవాడికి భూతద్దం పట్టుకోవడం నేర్పుతుంటే మనం చెప్పేదానికన్నా బాగా ఎక్కుతుంది. ఒక్కటి చూడండి, పెద్దపిల్లల్ని ఎప్పుడూ ఆయాలుగానే వాడుకుంటున్నారా, వాళ్లకంటూ పని ఏమైనా ఇస్తున్నారా అని.

ప్రశ్న: మా బాబు (9) అలాంటి తరగతికే వెళ్తున్నాడు. ఇప్పుడు రెండో సీజన్. "మళ్లీ అదే చెట్టు దగ్గరకా నాన్నా?" అని విసుక్కుంటున్నాడు. నాకూ అదే అనిపిస్తోంది. ఫీజు కట్టి ఒకే చెట్టు చూపించడమేమిటి?

జవాబు: మీ వాడి ప్రశ్ననే ఈసారి శీర్షికకు పేరుగా పెట్టుకున్నాను, కోప్పడకండి.

పందొమ్మిదో శతాబ్దంలో హార్వర్డ్‌లో లూయీ అగస్సీ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. కీటకాల గురించి చదవాలని వచ్చిన శామ్యూల్ స్కడర్ అనే కుర్రాడి ముందు ఒక చేపను పెట్టి, చూస్తూ ఉండు అని వెళ్లిపోయాడు. పది నిమిషాల్లో చూడాల్సిందంతా చూసేశాననుకున్నాడు కుర్రాడు. ప్రొఫెసరు గంటలు గడిచినా రాడు. భూతద్దం వాడకూడదు. ఏం తోచక చేప బొమ్మ గీయడం మొదలుపెడితే, అంతవరకూ కంటికి ఆనని సంగతులు కనిపించాయి. బొమ్మ చూసి అగస్సీ, పెన్సిల్‌ని మించిన కన్ను లేదన్నట్టు మెచ్చుకున్నాడట. అయినా వదల్లేదు. మూడు రోజులు అదే చేప. స్కడర్ తర్వాత పేరున్న కీటక శాస్త్రవేత్త అయ్యాడు, ఆ మూడు రోజుల్నీ కథలా రాశాడు కూడా.

తొమ్మిదేళ్లవాడికి మూడు రోజులు చేప చూపించమని చెప్పడం లేదు. కానీ విసుగు వచ్చే ఆ చోటు దాటాకే అసలు చూపు మొదలవుతుంది. అక్కడిదాకా తీసుకెళ్లి వదిలేయకుండా, తరగతి నడిపేవాళ్లు ఏదో ఒకటి చేతికివ్వాలి. మీ వాడికి ఇవ్వడానికి రెండు చెబుతాను.

ఎండలు కాస్తున్న రోజుల్లో చెట్టు మొదట్లో, వాన తగలని పొడి మట్టిలో, వేలి మందాన గరాటా గుంటలు ఉన్నాయేమో వెతకమనండి. అడుగున ఒక పురుగు మట్టిలో దాక్కుని దవడలు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. చీమ గట్టు మీద కాలు పెట్టిందా, ఇసుక జారుతుంది. చీమ పైకి పాకబోతే కింది నుంచి ఇసుక ఎగజిమ్మి మళ్లీ కిందకి దించుతుంది. సన్నటి గడ్డిపరకతో గట్టు మీద మెల్లగా రాస్తే ఆ ఎగజిమ్మడం కళ్లారా చూడొచ్చు. పురుగును మట్టి మీద వదిలితే వెనక్కి వెనక్కి నడుస్తుంది. లార్వాగా ఉన్నన్నాళ్లూ అది మలవిసర్జన చేయదు, అంతా కడుపులోనే దాచుకుని రెక్కలొచ్చాక వదులుతుంది. ఈ ముక్క చెప్పాక విసుక్కున్న పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు. వానలు పడ్డాక ఆ గుంటలు ఏమయ్యాయి? అది తెలియాలంటే అదే చెట్టు దగ్గరకి వెళ్లాలి కదా.

రెండోది ఆకులు రాలేటప్పుడు. ఆకు ఊడిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఆ మచ్చలో చుక్కలు కనిపిస్తాయి. కొమ్మకీ ఆకుకీ మధ్య నీటిని, ఆహారాన్ని మోసిన నాళాలు తెగిన గుర్తులవి. మచ్చకు సరిగ్గా పైన, గట్టిగా మూసుకున్న మొగ్గ ఉంటుంది. చాలా చెట్లలో వచ్చే కాలపు చిగురు, ఆకు రాలకముందే ఆ మొగ్గలో తయారై ఉంటుంది. ఒక కొమ్మకి రంగు దారం కట్టి, ఆ మొగ్గ ఒక్కదాన్నే వెళ్లినప్పుడల్లా గీయమనండి. వారం వారం చెట్టు మార్చే తరగతిలో ఈ పని కుదరదు.

ఇంత చెప్పాక కూడా విసుక్కుంటే ఒక సీజన్ మానేయనివ్వండి. మునిగిపోయేదేం లేదు.

ప్రశ్న: ఉరుములొస్తే పిల్లల్ని ఏం చేస్తారు? ఎండకి, చలికి జబ్బు పడరా? మా అత్తగారు ఒకటే టెన్షన్ పడుతున్నారు.

జవాబు: మీ అత్తగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. వానకి, ఉరుముకి మాత్రం తేడా చూడాలి. వాన పడితే రెయిన్ కోటు వేసుకుని తిరగొచ్చు, నత్తలూ వానపాములూ బయటికొచ్చేది అప్పుడే. ఉరిమితే ఇక చర్చ లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది, అంటే ముప్ఫై లెక్కపెట్టే లోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పటికి పిల్లలు పక్కా భవనంలోనో, పైకప్పు ఇనుముతో ఉన్న మూసిన కారులోనో ఉండాలి. చెట్టు కింద మాత్రం కాదు. ఆఖరి ఉరుము తర్వాత ముప్ఫై నిమిషాలు ఆగాకే బయటికి రావాలి. ఈ లెక్క తెలియని నిర్వాహకుల దగ్గర పిల్లల్ని వదలకండి.

జనం మర్చిపోయేది గాలిని. ఈదురుగాలి రోజున పెద్ద చెట్ల కిందకి వెళ్లకూడదు, ఎండుకొమ్మలు పైనుంచి ఊడిపడతాయి. "గాలి ఎంత ఉంటే తరగతి ఆపేస్తారు?" అని అడిగి చూడండి.

చలికి నూలు బట్టలు తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తాయి. లోపల ఉన్నిదో సింథటిక్‌దో వేసి, పైన తడవనిది వేయండి. మేజోళ్లు ఇంకో జత సంచిలో ఉంచండి. ఎండాకాలంలో తరగతి పొద్దున్నే పెట్టాలి. నీళ్లు దాహం వేసినప్పుడే కాక, ఆపి ఆపి తాగించాలి. గడ్డిలో తిరిగి వచ్చాక చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, చంకల్లో, మోకాళ్ల వెనక పిడుదులు పట్టాయేమో చూడండి. పడితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కాల్చడం, నూనె పోయడం వద్దు. తర్వాత జ్వరం గానీ దద్దురు గానీ వస్తే డాక్టరుకి పిడుదు సంగతి చెప్పండి.

ప్రశ్న: ఒక ప్రకటనలో "కంటిచూపు బాగుపడుతుంది, మేధస్సు పెరుగుతుంది, ప్రకృతి లోప వ్యాధి తగ్గుతుంది" అని చూశాను. నిజమేనా?

జవాబు: మూడోదాని నుంచి మొదలుపెడతాను. అది జబ్బు పేరు కాదు. రిచర్డ్ లూవ్ అనే అమెరికన్ రచయిత 2005లో, పిల్లలు ఆరుబయటికి దూరమవుతున్నారని చెప్పడానికి వాడిన మాట అది. ఏ డాక్టరూ చీటీ మీద రాయడు.

మేధస్సు మాట అమ్ముకునేవాళ్ల మాట.

చూపు విషయంలో గట్టి ఆధారమే ఉంది, ప్రకటనలో రాసినట్టు మాత్రం కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు పరిశోధన చేశారు. కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టారు, మిగతా బడుల్లో మామూలే. మూడేళ్ల తర్వాత కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు బయట గడిపిన బడుల్లో 30.4 శాతం, మిగతావాటిలో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితాలివి. అంటే కొత్తగా రాకుండా కొంత ఆపుతుంది, ఇప్పటికే ఉన్న కళ్లద్దాలు తీయించదు. పైగా అది రోజూ బయటికి వెళ్తే వచ్చిన లాభం. వారానికి ఒక పూట పంపి చూపు కాపాడామనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. ఇంట్లో చదివించే మనకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఎక్కాలు అప్పజెప్పించడానికి పైకప్పు అక్కర్లేదు కదా.

ప్రశ్న: పిల్లాడు ఏది కనిపించినా నా ఫోన్ లాక్కుని ఫొటో తీసి పేరు చూసేస్తున్నాడు. తరగతిలో ఫోన్ వద్దంటున్నారు. ఎవరిది కరెక్టు?

జవాబు: తరగతివాళ్లదే, కాకపోతే సగమే. పేరు తెలియగానే పిల్లలు చూడటం ఆపేస్తారు, అదీ ఇబ్బంది. నా పద్ధతి ఇది: ముందు చూడాలి, గీయాలి, మూడు సంగతులు రాయాలి, ఆ తర్వాతే ఫోన్. పక్షి కూత గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థది. బాగానే పనిచేస్తుంది, అప్పుడప్పుడూ పొరబడుతుంది కూడా. అది పొరబడినప్పుడు పట్టుకునే పిల్లాడు తయారైతే ఫోన్ వల్ల నష్టమేమీ లేదు.

ఫోన్‌ని ఇంకా మంచి పనికి వాడొచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, 1998లో మొదలైంది. ఎక్కడున్నవాళ్లైనా కనీసం 15 నిమిషాలు ఒక చోట పక్షుల్ని లెక్కపెట్టి వివరాలు పంపొచ్చు. మనవాడి లెక్క నిజం పరిశోధకులకు చేరుతుందంటే ఆ రోజు కాకుల్ని కూడా ఎంత శ్రద్ధగా లెక్కపెడతాడో చూడండి. ఖాతా మాత్రం పెద్దవాళ్ల పేరున ఉండనివ్వండి, ఇంటి చిరునామా తెలిసేలా ఫొటోలు పెట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పురుగులంటే చచ్చేంత భయం. చేర్చమంటారా?

జవాబు: చేర్చండి. పట్టుకోమని ఎవరూ బలవంతం చేయకూడదని ముందే చెప్పి చేర్చండి. దూరం నుంచి చూసి రాసుకునే పని అప్పజెప్పమనండి. "ఛీ" అని మొదట మీరే అనకుండా ఉంటే సగం భయం పోతుంది.

ప్రశ్న: హోమ్‌స్కూలింగ్ చేస్తున్నాం కాబట్టి చదివిస్తున్నట్టు రుజువులు చూపాలి. చెట్టు కింద కూర్చున్నదాన్ని చదువు అని ఎలా చూపించాలి?

జవాబు: నియమాలు ఒక్కోచోట ఒక్కో రకం, మీకు వర్తించేవి మీరు చదువుకోవాలి. ఎక్కడైనా పనికొచ్చేది తేదీ వేసిన నోట్ బుక్. షార్లట్ మేసన్ అనే ఇంగ్లిష్ విద్యావేత్త పిల్లల చేత ప్రకృతి డైరీ పెట్టించమని ఏనాడో చెప్పింది. ఇంట్లో చదువు గురించి 1886లో ఆమె రాసిన పుస్తకంలో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కాస్త బాగున్న ప్రతిరోజూ నాలుగు నుంచి ఆరు గంటలు బయటే ఉంచమని ఉంది. ఆ గంటల లెక్క చూసి గుండె పట్టుకోకండి, డైరీ వరకు తీసుకోండి.

ప్రతి పేజీలో తేదీ, వేళ, వాతావరణం, ఒక బొమ్మ, ఒక కొలత, ఒక ప్రశ్న ఉండాలి. కొలత అంటే చెట్టు చుట్టుకొలత, నీడ పొడవు, వానగిన్నెలో నీళ్లు, ఏదైనా సరే. ఆ అంకెలతో గ్రాఫ్ గీస్తే లెక్కలు, చూసింది పేరాగా రాస్తే భాష, మళ్లీ వేరే చెప్పాలా? బొమ్మలు మీరు దిద్దకండి. అందంగా ఉన్న పేజీ చూసి తనిఖీ చేసేవాళ్లకు అనుమానం వస్తుంది, వంకర బొమ్మకి రాదు. అక్షరదోషాలు కూడా తర్వాత వేరే కాగితం మీద చూసుకోండి.

ప్రశ్న: మా దగ్గర ఇలాంటి తరగతులే లేవు. ఒక్కతే కూతురు (8). మేమే చేసుకోగలమా?

జవాబు: చేసుకోగలరు. తరగతి వల్ల అదనంగా వచ్చేది సాటి పిల్లలు, తెలిసిన మనిషి. ఇలాగే ఇంట్లో చదువుకునే ఇంకో రెండు కుటుంబాల్ని కలుపుకుంటే మొదటిది తీరుతుంది. రెండోదానికి, "నాకూ తెలీదు, చూద్దాం పద" అనగలిగితే చాలా దూరం వెళ్లొచ్చు.

ఒక చోటు ఎంచుకోండి, ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో. ఎంత బాగుందో చూడక్కర్లేదు, ఎంత దగ్గరో చూడండి. అక్కడ నేల మీద ఒక కర్రను నిటారుగా పాతండి, దారానికి రాయి కట్టి వేలాడదీస్తే నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. నెలకొకసారి, గడియారంలో ఒకే వేళకి, నీడ చివర ఒక మేకు గుచ్చి దానికి తేదీ కట్టండి. గడియారం గంట ముందుకి జరిపే దేశాల్లో ఉంటే ఆ గంట సరిచూసుకోండి. భూమి 23.4 డిగ్రీలు వంగి తిరుగుతోందని పుస్తకంలో చదివితే ఒక పిల్ల తలూపుతుంది, అంతే. మేకులు వరసగా ఒక వైపు నడిచి, ఆగి, మళ్లీ వెనక్కి రావడం చూస్తే అడగడం మొదలుపెడుతుంది. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉంటే నీడ కొన్ని నెలలు ఒక పక్కకి, కొన్ని నెలలు రెండో పక్కకి పడుతుంది, ఇంకా మంచిది. మేకులు ఎవరి కాళ్లకీ గుచ్చుకోకుండా తలలు నేలకి సమంగా దిగ్గొట్టండి.

ప్రశ్న: ఆంటీ, నాకు పదేళ్లు. ఆకులు రాలే ముందు వచ్చే రంగు మొదటి నుంచీ ఆకులోనే ఉంటుందని మా సార్ చెప్పారు. మరి మాకు ఎందుకు కనిపించదు?

జవాబు: పసుపు, నారింజ రంగుల విషయంలో మీ సార్ చెప్పింది నిజం నాన్నా. పత్రహరితం అనే ఆకుపచ్చ పదార్థం ఎక్కువగా ఉండి వాటిని కప్పేస్తుంది. రాలే ముందు చెట్టు ఆ పత్రహరితాన్ని విరగ్గొట్టి, ఆకులోంచి పనికొచ్చేది వెనక్కి లాగేసుకుంటుంది. అప్పుడు కింద ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. చాలా చెట్లలో అది దాగి ఉన్నది కాదు, రాలే ముందు కొత్తగా తయారయ్యేది. ఈ రెండో ముక్క సార్‌ని అడిగి చూడు.

పచ్చటి ఆకులో పసుపును నువ్వే పట్టుకోవచ్చు. నాలుగైదు ఆకుల్ని చిన్న ముక్కలు చేసి, గాజు గ్లాసులో వేసి, బాగా నలిపి, మునిగేటంత సర్జికల్ స్పిరిట్ పోసెయ్. గ్లాసు మీద మూత పెట్టి, వేడినీళ్ల గిన్నెలో అరగంట ఉంచు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ అంటుకుంటుంది. అమ్మో నాన్నో పక్కన ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. ద్రవం ముదురు ఆకుపచ్చగా మారాక, కాఫీ ఫిల్టర్ కాగితాన్ని సన్నటి ముక్కగా కత్తిరించి, దాని కొసను అందులో ముంచి నిలబెట్టు. గంటో రెండు గంటలో ఆగితే ద్రవం కాగితం మీద పైకి పాకి, రంగులు విడిపోయి పట్టీలు పడతాయి. ఆకుపచ్చ ఒక చోట, పసుపు ఒక చోట. పసుపు పట్టీ సరిగ్గా రాకపోతే ముదురు ఆకులు ఇంకొన్ని వేసి మళ్లీ చెయ్యి, లేత ఆకులతో కన్నా వాటితో బాగా వస్తుంది.